తొడ ముక్కకే ఆ వాసన ఎందుకు?

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు చిన్న కోళ్ల ఫారం ఉంది. ఒమేగా-3 ఉన్న చికెన్ అని అమ్ముకుందామని దాణాలో అవిసె నూనె కలపడం మొదలుపెట్టాను, ల్యాబ్‌లో చూపిస్తే మాంసంలో ఒమేగా-3 నిజంగానే పెరిగింది. కానీ ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంచిన తొడ ముక్కలు వండితే పాత పెయింట్ లాంటి వాసన వస్తోంది, బ్రెస్ట్ మాత్రం బాగానే ఉంది. మందుల షాపాయన విటమిన్ సి పొడి కొట్టమంటాడు, ఫీడ్ సప్లై చేసే ఆయనేమో ప్రీమిక్స్‌లో (దాణాలో కలిపే విటమిన్లు, ఖనిజాల పొడి) విటమిన్ ఇ ఉంది కదా ఇంకేం అక్కర్లేదంటాడు, బయోకెమిస్ట్రీ చదివే మా బాబాయి కొడుకు వెయ్యి కొవ్వు అణువులకి ఒక్క విటమిన్ ఇ అణువు ఉంటుంది అది ఎవర్ని కాపాడుతుంది అని నవ్వుతాడు. అసలు ఈ యాంటీఆక్సిడెంట్లు లోపల ఏం చేస్తాయక్కా? నేను కూడా క్యాప్సూల్స్ వేసుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు నీ ముక్కుకి దండం. పాత పెయింట్ వాసన అని పోలిక కోసం అన్నావేమో గానీ అది అచ్చం అదే వాసన. అవిసె నూనెని వందల ఏళ్ల నుంచి రంగుల్లో, వార్నిష్‌లో వాడుతున్నారు, ఎందుకంటే పల్చగా పూసి గాలికి వదిలేస్తే గట్టి పొర కడుతుంది. ఆరింది అంటాం గానీ అందులో ఆరడానికి నీళ్లెక్కడివి, గాల్లో ఉన్న ఆక్సిజన్‌ని పట్టుకుని నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆ గొడవలో విరిగిపడే చిన్న చిన్న ముక్కలే మన ముక్కుకి తగిలేవి. నీ కోడి తొడలో కూడా రెండు నెలల పాటు మెల్లగా ఆ పనే జరిగింది. పెయింటర్ కోరుకునేదీ నువ్వు వద్దనుకునేదీ ఒకే రియాక్షన్ అన్నమాట.

అన్ని కొవ్వులకీ ఈ జబ్బు ఉండదు. ఫ్యాటీ యాసిడ్ అంటే కార్బన్లు గొలుసులా ఉండి వాటికి హైడ్రోజన్లు అంటిపెట్టుకుని ఉంటాయి కదా, ఆ గొలుసులో రెండు డబుల్ బాండ్ల మధ్య ఇరుక్కున్న కార్బన్ ఒకటి ఉంటుంది చూడు, దాని మీదున్న హైడ్రోజన్లు దారం వదులైన గుండీల్లాంటివి, కొంచెం లాగితే ఊడొస్తాయి. అలాంటి చోటు ఓలిక్ యాసిడ్‌లో ఒక్కటీ లేదు, లినోలిక్‌లో ఒకటి, అవిసె నూనెలో ఉండే ఆల్ఫా లినోలెనిక్‌లో రెండు, దాన్ని కోడి ఒంట్లో కొంత పొడుగు చేసుకుని డీహెచ్‌ఏ అనే ఇంకో ఒమేగా-3గా మార్చుకుంటుంది, ఆ డీహెచ్‌ఏలో ఏకంగా ఐదు. కాబట్టి ల్యాబ్ రిపోర్ట్ చూసి నువ్వు సంబరపడ్డ ఒమేగా-3 (నేనైనా సంబరపడేదాన్నే) మాంసంలో వదులు గుండీల్ని కూడా పెంచింది.

ఇక గుండీ ఊడగొట్టేవాడు ఎక్కడినుంచి వస్తాడంటే, ఊపిరి తీసుకునే ప్రతి జీవిలోనూ లోపలే పుడతాడు. మైటోకాండ్రియాలో శక్తి తయారయ్యేటప్పుడు కాస్త ఆక్సిజన్ దారి తప్పి సూపరాక్సైడ్ అవుతుంది, అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది, దానికి కట్టుబాటు లేకుండా తిరిగే ఐరన్ తగిలిందంటే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది (రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో కుదురులేకుండా తిరిగేది), ఇది ఏది ఎదురొస్తే దాని మీద పడుతుంది. ఒక ఫ్యాటీ యాసిడ్ నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. పోగొట్టుకున్నవాడు ఊరుకుంటాడా, ఆక్సిజన్‌ని తగిలించుకుని పెరాక్సిల్ రాడికల్ అయి పక్కవాడి హైడ్రోజన్ లాక్కుంటాడు, ఆ పక్కవాడు ఇంకో పక్కవాడిది. దొంగతనం జరిగిన ఇంటాయనే మర్నాడు దొంగగా బయల్దేరితే వీధి ఏమవుతుందో అదీ కథ. కణం చుట్టూ ఉండే పొరలో ఈ ఫ్యాటీ యాసిడ్లు భుజం భుజం రాసుకుంటూ ఉంటాయి కాబట్టి అంటుకోవడం ఇంకా తేలిక, అందుకే పొట్ట దగ్గర ముద్దలా ఉండే కొవ్వు కన్నా ముందు కణాల పొరలోని ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులే పాడవుతాయి. ఈ క్రమంలో మిగిలే హైడ్రోపెరాక్సైడ్లకి వాసన ఉండదు, చూడ్డానికి సాధువుల్లా ఉంటాయి, మళ్ళీ ఐరన్ వచ్చి తగిలితే పగిలి కొత్త రాడికల్స్, వాటితో పాటు హెక్సనల్, మలోన్‌డైఆల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్లు పుడతాయి. వాసన వాటిదే. బతికున్న జంతువులో అయితే వాసన సంగతి అటుంచి అవి ప్రోటీన్లకి, డీఎన్‌ఏకి అతుక్కుని పని చెడగొడతాయి, ఈ పుట్టేవాళ్లు ఎక్కువై ఆపేవాళ్లు తక్కువైన పరిస్థితినే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటున్నాం.

ఇప్పుడు మీ బాబాయి కొడుకు లెక్క. వెయ్యికి ఒకటి అన్నది తప్పేం కాదు, దాదాపు అంతే ఉంటుంది. కానీ తను ఎంత ఉందో లెక్కపెట్టాడు గానీ ఎంత ఫాస్టో లెక్కపెట్టలేదు. పెరాక్సిల్ రాడికల్ పక్కనున్న ఫ్యాటీ యాసిడ్ దగ్గర హైడ్రోజన్ లాక్కోవడానికి కొంత టైం పడుతుంది, అదే విటమిన్ ఇ ఎదురైతే వెయ్యి రెట్లకి మించిన వేగంతో తీసేసుకుంటుంది, ఎందుకంటే విటమిన్ ఇ తలభాగంలో ఉన్న రింగు మీద హైడ్రోజన్‌ని ఇచ్చేయడానికి సిద్ధంగా పెట్టుకుని ఉంటుంది. దాని తోక పొర లోపల నూనెలో దిగి ఉంటుంది, తల పొర అంచు వైపు ఉంటుంది, అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. హైడ్రోజన్ ఇచ్చేశాక అదీ రాడికలే అవుతుంది కానీ బద్ధకపు రాడికల్, వెళ్లి ఇంకొకరి మీద పడే ఓపిక దానికి ఉండదు, దొంగల గొలుసు అక్కడితో తెగిపోతుంది. అందుకే దీన్ని గొలుసు తెంపే యాంటీఆక్సిడెంట్ అంటారు. మొదటి దొంగని ఇది ఆపలేదు, ఆ మాట కూడా చెప్పాలి, ఆపేది రెండోవాణ్ణి, మూడోవాణ్ణి.

అయినా వెయ్యికి ఒక్కటే అయితే ఒకసారి వాడేశాక అయిపోవాలి కదా అని తను అడుగుతాడు, అడగాలి కూడా. అక్కడే అసలు మజా ఉంది, అది ఒంటరిగా పనిచేయదు. పొర అంచు దగ్గర నీళ్ల వైపు నుంచి విటమిన్ సి వచ్చి తన హైడ్రోజన్ ఇచ్చి విటమిన్ ఇని మళ్ళీ నిలబెడుతుంది, వాడిపోయిన విటమిన్ సిని కణం తనే తయారు చేసుకునే గ్లూటాథయోన్ లాంటివి నిలబెడతాయి, గ్లూటాథయోన్‌ని నిలబెట్టడానికి కావాల్సిన సరుకు కణం గ్లూకోజ్‌ని వాడుకుంటూ తయారు చేస్తుంది. అంటే చివరాఖరికి ఖర్చంతా తిన్న తిండి మీదే పడుతుంది. ఇంకోపక్క ఆ సాధువుల్లాంటి హైడ్రోపెరాక్సైడ్లు పగలకముందే వాటిని హానిచేయని ఆల్కహాల్‌గా మార్చే ఎంజైమ్ ఉంది, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్, దాని పనంతా జరిగే చోట కూర్చునేది సెలీనియం పరమాణువు ఒక్కటి. అందులో నాలుగో రకం ఒకటి పొరలో ఉన్న ఫాస్ఫోలిపిడ్‌ని ఊడదీయకుండా అక్కడికక్కడే రిపేర్ చేస్తుంది, అది లేకపోతే కణాలు చచ్చిపోతాయి, ఆ చావుకి 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు కూడా పెట్టారు, పేరులోనే ఐరన్ ఉంది చూడు (లాటిన్‌లో ఫెర్రమ్ అంటే ఐరనే).

ఇదంతా పుస్తకం గోల అనుకోకు, ఇది ముందు బయటపడిందే జంతువుల దగ్గర, అందులోనూ ఎక్కువ భాగం నీ కోడిపిల్లల దగ్గర. విటమిన్ ఇని 1922లో ఎవాన్స్, బిషప్ అనే ఇద్దరు ఎలుకల్లో కనిపెట్టారు, ఆ ఎలుకలు చూలు కట్టేవి గానీ పిండాలు లోపలే కరిగిపోయేవి, లెట్యూస్ ఆకులు పెడితే సర్దుకునేవి. కానీ నాకు ఇష్టమైన కథ కోడిపిల్లలది. విటమిన్ ఇ లేని దాణా పెడితే వాటికి మూడు రకాల జబ్బులు రావచ్చు. ఒకటి మెదడు మెత్తబడిపోయి పిల్ల తల వెనక్కి వాల్చి తూలుతూ పడిపోవడం, లినోలిక్ లాంటివి ఎక్కువున్న దాణాలో ఇది ఇంకా ఎక్కువ. దీన్ని విటమిన్ ఇ ఆపుతుంది, విచిత్రం ఏంటంటే విటమిన్‌తో చుట్టరికం కూడా లేని సింథటిక్ యాంటీఆక్సిడెంట్ కలిపినా ఆగుతుంది, విటమిన్ ఇ ఇక్కడ చేసేది గొలుసు తెంపే పనే అని అలా తెలిసింది. రెండోది చర్మం కింద ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో నీరు చేరడం, దీన్ని సెలీనియం ఆపుతుంది. మూడోది కండరాల్లో తెల్లటి చారలు పడి కండ పాడవడం, దీనికి విటమిన్ ఇ అయినా పనిచేస్తుంది, లేదా గ్లూటాథయోన్‌కి ముడిసరుకైన గంధకం ఉన్న అమైనో యాసిడ్లు, అదే మెథియోనిన్, సిస్టీన్ పెంచినా పనిచేస్తుంది. ఒకే లోటు, మూడు జబ్బులు, మూడు వేర్వేరు మందులు. టీమ్‌లో ఎవరెవరున్నారో కోడిపిల్లలే వేలు పెట్టి చూపించినట్టు లేదూ? నీ మంద ఈ జబ్బుల దాకా వెళ్లలేదు, నీది కోళ్లు బాగానే ఉండి మాంసం పాడవుతున్న కేసు, ఆ తేడా పట్టుకుంటేనే జవాబు దొరుకుతుంది.

ఎలాగంటే, బతికున్న కోడిలో ఈ యాంటీఆక్సిడెంట్ ఏర్పాటు రోజూ రీఛార్జ్ అవుతుంది. కోసిన క్షణం నుంచి రీఛార్జ్ బంద్, ఇక ఉన్నది బ్యాలెన్స్ మాత్రమే. గ్లూకోజ్ సరఫరా లేదు, గ్లూటాథయోన్ తిరిగి నిలబడదు, విటమిన్ సి కొద్దికొద్దిగా అయిపోతుంది, పొరలో అప్పటికి చేరిన విటమిన్ ఇ ఎంతో అంతే, అది రోజురోజుకీ కరుగుతూ ఉంటుంది. అటుపక్క దొంగల బలం పెరుగుతుంది, కండరంలో పీహెచ్ పడిపోతుంది, కణాల గదులు చెదిరిపోతాయి, కట్టేసి ఉన్న ఐరన్ మయోగ్లోబిన్ లాంటి వాటిలోంచి బయటకొస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అనుకుంటాం, మైనస్ 18 దగ్గర బ్యాక్టీరియా పెరగడం ఆగుతుంది గానీ ఈ రియాక్షన్ ఆగదు, మెల్లగా అవుతుంది అంతే.

తొడకీ బ్రెస్ట్‌కీ తేడా కూడా ఇక్కడే ఉంది. తొడ రోజంతా నిలబడి నడిచే కండరం, దానికి మయోగ్లోబిన్ ఎక్కువ, మైటోకాండ్రియా ఎక్కువ, కాబట్టి ఐరన్ ఎక్కువ, కణపొరలు ఎక్కువ, కొవ్వూ ఎక్కువ. నిజానికి విటమిన్ ఇ కూడా బ్రెస్ట్‌లో కన్నా తొడలోనే ఎక్కువ చేరుతుంది, అయినా కాపలావాళ్ల కన్నా దొంగలే ఎక్కువైపోతారు. ఒకసారి వండి ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ వేడి చేస్తే ఇంకా ఘోరం, వండినప్పుడు ఐరన్ విడిపోయి పొరలన్నీ పగిలి ఉంటాయి కాబట్టి ఒక్క రోజులోనే నిలవ వాసన పట్టేస్తుంది.

ఇప్పుడు ఆ షాపాయన విటమిన్ సి పొడి సంగతి. నాకు దీని మీద కొంచెం కోపం ఉంది తమ్ముడూ, ఎందుకంటే మంచి పేరున్న వస్తువుని తప్పు చోట వాడటం అంటే ఇదే. కోడికి మనలాగా విటమిన్ సి బయటనుంచి రావాల్సిన అవసరం లేదు, తన కిడ్నీలోనే తయారు చేసుకుంటుంది, ఎండలకి బాగా అలిసినప్పుడు నీళ్లలో కలిపితే కొంత మేలు ఉంటుంది అది వేరే విషయం. కోసిన మాంసం మీద చల్లమన్నాడా, అది ఇంకా ప్రమాదం. కొద్ది మోతాదులో విటమిన్ సి ఐరన్‌ని మళ్ళీ మళ్ళీ చురుకైన రూపంలోకి తిప్పుతూ ఉంటుంది, విటమిన్ ఇ నిలబెట్టాల్సినంత లేనప్పుడు అది కాపలావాడికి బదులు దొంగకే అన్నం పెడుతుంది. ఒకటే వస్తువు ఒకచోట యాంటీఆక్సిడెంట్, ఇంకోచోట దానికి ఉల్టా పనిచేసే ప్రో-ఆక్సిడెంట్.

ఫీడ్ ఆయన మాట సగం నిజం. ప్రీమిక్స్‌లో విటమిన్ ఇ ఉంటుంది, కానీ ఎంత అన్నది లేబుల్ మీద చూడు. బ్రాయిలర్‌కి కిలో దాణాకి 10 యూనిట్లు (దాణాలో కలిపే విటమిన్ ఇకి ఒక యూనిట్ అంటే దాదాపు ఒక మిల్లీగ్రాము) అని అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో ఇచ్చిన లెక్క ఒకటుంది, అది జబ్బు రాకుండా ఉండటానికి కనీసం. నువ్వు ఒమేగా-3 పెంచావు కాబట్టి ఆ లెక్క నీకు సరిపోదు, పొరలో వదులు గుండీలు పెరిగితే కాపలా కూడా పెరగాలి. మాంసం నిలవ ఉండటం కోసం చేసిన ప్రయోగాల్లో ఎక్కువగా కిలో దాణాకి 100 నుంచి 200 మిల్లీగ్రాముల మధ్య వాడారు, 200 దాటాక పెట్టినంత ఫలితం రాదు. అది కూడా కోసే ముందు రెండు రోజులు పెడితే పనికిరాదు, కణాల పొరల్లోకి చేరడానికి టైం కావాలి, పిల్ల దశ నుంచీ పెడితే మేలు, కుదరకపోతే చివరి మూడు నాలుగు వారాలైనా పూర్తిగా పెట్టాలి. కోశాక మాంసం మీద విటమిన్ ఇ నూనె రాసినా ఈ లాభం రాదు, పైపైన ఉంటుంది గానీ పొరలోకి దిగదు, కోడే దాన్ని తిని, రక్తంలో మోసుకెళ్లి, పొరలో సరిగ్గా నాటాలి. ఆ పని మనం చేతితో చేయలేం.

ఇంకో చిన్న కిటుకు చాలామందికి తెలీదు. దాణాలో కలిపే విటమిన్ ఇ సాధారణంగా ఎసిటేట్ రూపంలో ఉంటుంది, దాని తల మీద ఉన్న ఆ ఇచ్చే హైడ్రోజన్‌కి మూత పెట్టినట్టు. అందుకే సంచిలో చెడిపోకుండా ఉంటుంది, కోడి పేగులో ఎంజైమ్ ఆ మూత తీశాకే పనిలోకి దిగుతుంది. మరి అంటే, దాణాలో విటమిన్ ఇ ఉంది కదా అవిసె నూనె చెడదు అనుకుంటే పప్పులో కాలేసినట్టే, మూత పెట్టి ఉన్నది నూనెని కాపాడదు. నూనెకి వేరుగా యాంటీఆక్సిడెంట్ ఉండాలి, బీహెచ్‌టీ గానీ రోజ్‌మేరీ సారం గానీ. నువ్వు వాడే డ్రమ్ము మూత తీసి వాసన చూశావా ఎప్పుడైనా? నా అనుమానం సగం అక్కడే ఉంది. నూనె దాణాలో కలిసేసరికే చెడి ఉంటే కోడి పేగులో ఉన్న విటమిన్ ఇని కూడా తినేస్తుంది, నువ్వు ఎంత పోసినా కారిపోయే కుండే. చిన్న డబ్బాల్లో కొను, ఎండ తగలని చోట మూత బిగించి పెట్టు, నూనె కలిపిన దాణా నెలకి సరిపడా ఒకేసారి కలపకు, పైగా దాణాలోని కాపర్, ఐరన్ లవణాలు నూనెని ఇంకా తొందరగా చెడగొడతాయి. వీలైతే నూనె బదులు అవిసె గింజల్ని అప్పటికప్పుడు పొడి చేసి వాడు, గింజ లోపల ఉన్నంతసేపు నూనె భద్రం. కోతకి ముందు వారం పది రోజులు నూనె మోతాదు కాస్త తగ్గిస్తే ఒమేగా-3 కొంచెం తగ్గొచ్చు గానీ వాసన కూడా తగ్గుతుంది, ఆ బేరం నీ ఇష్టం.

సెలీనియం మాత్రం ఉత్సాహంగా చేతికొచ్చినంత వేయకు. బ్రాయిలర్‌కి కావాల్సింది కిలో దాణాకి 0.15 మిల్లీగ్రాము, అమెరికాలో కలపడానికి ఇచ్చే గరిష్ఠ పరిమితి 0.3, మనకి మేలు చేసే మోతాదుకీ విషం అయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. ప్రీమిక్స్‌లో ఇప్పటికే ఉండి ఉంటుంది, లేబుల్ చూసి నీ దగ్గరున్న పశువుల డాక్టర్‌కి చూపించి అప్పుడు మాట్లాడు.

కోశాక చేయాల్సింది పెద్దగా ఏం లేదు, తొందరగా చల్లబరచు, గాలి తీసేసే ప్యాకింగ్ వాడు (ఆక్సిజన్ లేకపోతే దొంగ చేతులు కట్టేసినట్టే), తొడల్ని ఖీమా కొట్టి ఫ్రీజ్ చేయకు, ఉప్పు పట్టించి అసలే ఫ్రీజ్ చేయకు, ఉప్పు ఈ రియాక్షన్‌ని ఎగదోస్తుంది.

ఇక నువ్వు క్యాప్సూల్స్ వేసుకోవచ్చా అన్నావు. కోడికి పనికొచ్చింది కదా మనకీ ఎక్కువ వేస్తే ఇంకా మంచిది అన్న లెక్క ఇక్కడ తిరగబడింది. ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్ల మీద చేసిన ట్రయల్ 1994లో బయటకొచ్చింది, బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో లంగ్ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో చేసిన ఇంకో పెద్ద ట్రయల్‌లో రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఇ వేసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనిపించిందని 2011లో చెప్పారు. లోటు ఉన్నవాడికి మందు, లేనివాడికి కాదు. పైగా మన తెల్లరక్తకణాలు క్రిముల్ని చంపడానికి ఈ రాడికల్స్‌నే వాడతాయి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు విటమిన్ ఇ మాత్రల జోలికి డాక్టర్‌ని అడక్కుండా అసలు వెళ్లకూడదు.

ఇప్పుడు ఫ్రీజర్‌లో ఉన్న ఆ పాత తొడల్ని ఏ పొడీ బాగుచేయలేదు, ఆల్డిహైడ్లు ఒకసారి పుట్టాక వెనక్కి పోవు, వాటిని ఒమేగా-3 పేరు మీద ఎవరికీ అమ్మకు. కొత్త బ్యాచ్‌లో సగం కోళ్లకి విటమిన్ ఇ పెంచు, సగానికి పాత ప్రీమిక్సే ఉంచు, నూనె మాత్రం రెండిటికీ ఒకే తాజా డబ్బాలోది వాడు. రెండు గుంపుల నుంచీ తొడలు ఒకేరకంగా ప్యాక్ చేసి తేదీ రాసి పెట్టు, నెలకోసారి ఒక్కో జత తీసి ఏది ఏ గుంపుదో తెలియకుండా మీ బాబాయి కొడుకు చేత వాసన చూపించు, వచ్చిన సంగతి నాకు రాయి.